ఆరడుగుల నాలుగంగుళాలు

ఎన్నికలకు ఇరవై రెండు రోజులు

చీటీ నా పేరు మీదే వచ్చింది. తొమ్మిది ఇళ్ళ పేర్లు రాసి కుండలో వేస్తే, సభ గుమస్తా చేతికి లంకే నాంచారమ్మ అన్న కాగితమే తగిలింది. దేవుడికి నా మీద కాస్త దయ ఉందని అరవై మూడేళ్ళకి తెలిసింది.

సముద్రపు పోటు ఆపే కట్ట వెనక బతికే మా దివిలో ఒక పద్ధతి ఉంది. కట్ట దళాన్ని నడిపిన మనిషి సభకు పోటీ చేస్తే, ఆ మనిషి చేసిన యుద్ధాన్ని ఒకరు మొదటి నుంచి చివరి దాకా తవ్వి చూడాలి. ఆ పని ఊరి పెద్దమనుషులకి ఇవ్వం. ఆ నాయకత్వం కింద చనిపోయినవాళ్ళ ఇంటి మనిషికే ఇస్తాం. అభ్యర్థి తన యుద్ధం గురించి ప్రచారంలో సొంత నోటితో ఒక్క ముక్క మాట్లాడకూడదు, పరిశీలకురాలు అడిగినదానికి జవాబు చెప్పాలి, అంతే. పక్కవాళ్ళు వేసే పోస్టర్లు సరిచూసేది కూడా పరిశీలకురాలే. పోలింగుకు మూడు రోజుల ముందు కట్ట మీద జనం ఎదుట పరిశీలకురాలు ఏది చదివితే అదే ఆ మనిషి రికార్డు. పగ ఉన్నవాళ్ళ చేతికే కత్తి ఇస్తారా అని పై ఊళ్ళవాళ్ళు నవ్వుతారట. ఇస్తాం. అట్లా ఇచ్చి కూడా నలభై ఒక్క ఏళ్ళుగా నిలబడి ఉన్న ఊరు మాది.

ఈసారి అభ్యర్థి తిరుమాని ధనకోటమ్మ. పదేళ్ళ క్రితం ఇసుక ఓడలు మా కట్ట పునాదుల్లో ఇసుక తోడుకుపోవడానికి వచ్చినప్పుడు ఆవిడ దళానికి కమాండర్. ఓడల్ని తరిమింది, కాదనను. కానీ ఓడ లంగరు కోయడానికి వెళ్ళిన మన పడవ తిరిగి వస్తూ కళ్ళ ముందు కనిపిస్తుండగానే, పోటు ఇంకా ఎనిమిది అంగుళాలు పెరగాల్సి ఉండగానే, లాకు గేటు మూయించింది. పడవలో తొమ్మిది మంది. గేటు బయట ఓడలవాళ్ళ తుపాకులకు దొరికిపోయారు. వాళ్ళలో ఒకడు నా తమ్ముడు ఏడుకొండలు.

ఆ ఎనిమిది అంగుళాల సంగతి నాకెట్లా తెలుసంటే, ఆ రోజు ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర, నీటి ఎత్తు కొలిచే పోటు రాయి చదివింది నేనే. ముప్పై ఒక్క ఏళ్ళు చదివాను. రాయి మీద నీరు ఏడడుగులు తాకితే హారన్ కొట్టాలి, హారన్ వింటే అర మైలు అవతల లాకు దగ్గర గేటు దించాలి. ఇసుక ఓడలవాళ్ళు మా యంత్రాల్లోకి దొంగ అంకెలు పంపడం మరిగాక, సభవాళ్ళు యంత్రాలు పీకేసి మళ్ళీ మనుషుల్ని పెట్టారు. "యంత్రం అబద్ధమాడొచ్చుగానీ నాంచారి ఆడదు" అని ఊళ్ళో అంటారు. అనిపించుకోవడం నాకు ఇష్టమే, దాచుకునేదేముంది.

రాత్రి మంచు పట్టడానికి కట్టిన వలలు పిండి బిందెన్నర నీళ్ళు పట్టి, బాతులకు నాచు వేసి వచ్చేసరికి రత్నం గుమ్మంలో నిలబడి ఉంది. రత్నం ఏడుకొండలు భార్య. వాడు పోయినప్పటి నుంచీ ఈ ఇంట్లో మేమిద్దరమే.

"చీటీ మనింటికే వచ్చిందంట కదా వదినా. ఏం చేస్తావు?"

"చేసేదేముంది? ఉన్నది ఉన్నట్టు చదువుతా. ఆవిడికి అది చాలు."

రత్నం పీతల హేచరీకి పనికి వెళ్ళిపోయింది. నేను మాత్రం పొద్దున్నే రెండోసారి టీ పెట్టుకున్నాను. పండగ కదా.

ఎన్నికలకు ఇరవై రోజులు

ధనకోటమ్మ ప్రచారం ఒడ్డున బోర్లించిన పాత పడవ నీడలో నడుస్తోంది. అక్కడ పెత్తనమంతా సుబ్బారాయుడు అనే ఆయనది. నన్ను చూడగానే పోస్టర్లు దాచబోయాడు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు ఉంది వ్యవహారం. లాక్కుని చూశాను. "ముప్పై ఓడలను ముంచిన ధీర".

"ఎన్ని ఓడలొచ్చినయ్ సుబ్బారాయుడూ?"

"ముప్పై అంటన్నారండీ."

"పదకొండు. మునిగింది ఒకటి, అదీ సగమే. మిగతా సగం మీద ఇప్పటికీ కొంగలు కాపురం చేస్తన్నయ్."

"జనానికి ముప్పై అయితే బాగా గుర్తుంటదండీ."

"పదకొండని రాయి. లేకపోతే ఇవన్నీ మా బాతుల గూట్లో పరుస్తా."

పడవ అవతలి పక్కన ధనకోటమ్మ వల కుట్టుకుంటోంది. యాభై ఐదు ఉంటాయి. తుపాకుల మోతకి ఎడమ చెవి పోయింది, అందుకని మనిషి ఎప్పుడూ తల కాస్త తిప్పి వింటుంది. సూది ఆపకుండానే అంది.

"పదకొండని రాయి సుబ్బారాయుడూ. ఆవిడ అంకె చెప్పాక మళ్ళీ అడగబాక."

నాకు ఒళ్ళు మండింది. అంకెల్లో నేనంత నమ్మకస్తురాలినైతే, ఆ రోజు నా హారన్ కోసం ఆగకుండా గేటెందుకు దించిందో. ఆ మాట గొంతు దాకా వచ్చింది, మింగాను. అడిగే రోజు ముందుంది. పోస్టర్లో ఇంకో అబద్ధం దొరికింది. ఆవిడ పడవలో ముందు కూర్చుని యుద్ధానికి వెళ్తున్నట్టు బొమ్మ వేశారు. ఆవిడ పడవ ఎక్కనే లేదు, లాకు దగ్గరే ఉంది. ఆ బొమ్మ కూడా కొట్టేయించి వచ్చాను.

ఎన్నికలకు పదిహేడు రోజులు

ఎదుటి అభ్యర్థి భావనారాయణ మీటింగుకు వెళ్ళాను. పడవలు కట్టించే మేస్త్రి, మంచివాడే. కూతురి పెళ్ళికి ఊరంతటికీ ఉప్పుచేప పంచాడు. ఆయన మాట్లాడిందంతా ఒకే విషయం.

యుద్ధం అయ్యాక ధనకోటమ్మ దళానికి ఒక ఆర్డరు వేసి దిగిపోయింది. ఇక మీదట గేటు ఏడడుగులకు కాదు, ఆరడుగుల నాలుగంగుళాలకే మూయాలని. కారణం రాయలేదు. తను చేసిన తప్పుని రూలు చేసుకుందని జనం అనుకున్నారు. రాయి మీద ఆ గీతకి ఊళ్ళో పేరు "పిరికి గుర్తు". పెద్ద పోటు వచ్చినప్పుడల్లా వేటకు వెళ్ళినవాళ్ళకి నలభై నిమిషాలు తగ్గిపోతాయి, పడవలు బయటే ఉండిపోతాయి.

"నన్ను గెలిపించండి, మర్నాడే ఏడడుగుల గుర్తు తిరిగి పెట్టిస్తా," అన్నాడు భావనారాయణ. "మన కట్ట పిరికోళ్ళు కట్టింది కాదు."

చప్పట్లు ఎంతసేపు మోగాయో చెప్పలేను. అరచేతులు ఎర్రబడేదాకా నేనూ కొట్టాను.

ఎన్నికలకు పదిహేను రోజులు

రికార్డు గదిలో రోజంతా కూర్చున్నాను. యుద్ధం ఫైలు తడిసి ఎండి అప్పడంలా ఉంది. మనసు పెట్టి చదివాను, ఎందుకంటే తప్పులు వెతకడంలో నాకు పోటీ లేదు.

ఒక తప్పు దొరికింది. వెళ్ళిన పడవకి తోడుగా, గేటు బయట రెండో పడవని ఉంచలేదు. ఉంచి ఉంటే ఇద్దరు ముగ్గురైనా బతికేవారేమో. అది రాసుకున్నాను.

తప్పు కానివి కూడా దొరికాయి, అవీ రాసుకున్నాను, పళ్ళు కొరుక్కుంటూనే. ముట్టడి జరిగిన పదకొండు రోజులూ తన వాటా మంచినీళ్ళు గాయపడ్డవాళ్ళకే పోయించింది. పడవలో ఎవరు వెళ్ళాలో తను చెప్పలేదు, వస్తామన్నవాళ్ళనే పంపింది. మా వాడు మొదట చెయ్యెత్తాడట. ఆ ముక్క నేను ఎప్పుడూ వినలేదు. చదివి కాసేపు కాగితం పక్కన పెట్టాను. వెధవ, ఇంటికొచ్చి ఒక్క మాట చెప్పి పోకూడదా అనిపించింది. గర్వంగానూ అనిపించింది.

యుద్ధం అయ్యాక సభ జరిపిన విచారణలో ధనకోటమ్మ వాంగ్మూలం మూడు ముక్కలే. "గేటు మూయమన్నది నేనే. తొమ్మిది మంది నావాళ్ళు. ఇంకేమీ చెప్పను."

చివరి కాగితం పిరికి గుర్తు ఆర్డరు. తేదీ చూశాను. విచారణ ఇంకా మొదలే కాలేదు. తొమ్మిది మందిని సాగనంపిన మూడో రోజది. ఎవరూ నిలదీయకముందే ఎవరైనా తమ తప్పుని రూలు చేసుకుంటారా? పోనీ చేసుకుంటే, ఆరున్నర అని రాస్తారు, ఆరని రాస్తారు. ఆరడుగుల నాలుగంగుళాలని అంత కొలిచినట్టు ఎందుకు?

ఎన్నికలకు పద్నాలుగు రోజులు

ఆ రోజు గేటు చక్రం తిప్పింది మోకా పోతురాజు. ఇప్పుడు డెబ్బై దాటాయి, లాకు పక్కనే గుడిసె. నాకు వరసకి బాబాయి అవుతాడు.

"బాబాయ్, ఆ రోజు హారన్ మోగిందా?"

"లేదమ్మా. కమాండరమ్మ చెయ్యూపింది, దించా."

"హారన్ లేకుండా ఎట్టా దించావు?"

"ఉంగరం మునిగింది గదమ్మా."

లాకు గోడకి కట్ట కట్టినప్పుడు బిగించిన ఇనుప ఉంగరం ఒకటుంది. దాని పక్కన రాతిలో ఏడు అని చెక్కి ఉంటుంది. నీరు దాన్ని దాటితే గేటు ఎంత తిప్పినా దిగదు, నీటి బరువు దిగనివ్వదు. కట్ట కట్టిన రెండో సంవత్సరం అట్లాగే గేటు దిగక రెండు పేటలు పోయాయి.

"అబద్ధం. రాయి మీద అప్పటికి ఆరూ నాలుగే ఉంది. చదివింది నేను," అన్నాను.

"నీ రాయి సంగతి నాకేం తెలుసమ్మా. నేను ఉంగరం చూసేవోణ్ణి." కాసేపు బీడీ నోట్లో అటూ ఇటూ తిప్పాడు. "ఆ ఒక్క సంవత్సరమే తేడాగా ఉండేది. అంతకుముందు ఉంగరానికి నీళ్ళు తగలటం, నీ హారన్ మోగటం ఒక్కసారే అయ్యేయి. ఇప్పుడూ అంతే. ఆ సంవత్సరం మాత్రం రెండు మూడు మాట్లు ఉంగరం మునిగినా హారన్ రాలా, ఉంగరం చూసే దించాం. నాంచారి నిద్రపోయిందేమో అనుకున్నాం."

ముసలాడికి మతి పోయిందని తిట్టుకుంటూ ఇంటికొచ్చాను.

ఎన్నికలకు పన్నెండు రోజులు

ఇవాళ పున్నమి పోటు, మధ్యాహ్నానికి. రాయి దగ్గర హారన్ కొట్టడానికి ఇంకొకరున్నారు, నేను అటు పోలేదు. జీవితంలో మొదటిసారి లాకు దగ్గర, ఉంగరం ముందు నిలబడ్డాను. గేటువాళ్ళకి రాయి తెలియదు, రాయి చదివేవాళ్ళకి ఉంగరం తెలియదు. ముప్పై ఒక్క ఏళ్ళలో నేను ఒక్క పోటుకైనా ఈ పక్క నిలబడి చూడలేదు. మా పనిలో ఎవరి చోటు వాళ్ళది, అదో పరువు.

నీరు ఎక్కుతూ వచ్చింది. ఉంగరం అడుగు తడిసింది, సగం తడిసింది. సరిగ్గా నిండా తడిసేసరికి మొగ దగ్గర హారన్ మోగింది. అంటే అక్కడ రాయి మీద ఆరూ నాలుగు. ఇక్కడ ఏడు.

తేలు కుట్టిన దొంగలా ఇంటికి నడిచాను. దారిలో ఇద్దరు పలకరించారు, ఎవరో గుర్తు లేదు.

ఎన్నికలకు పదకొండు రోజులు

రాస్తున్నాను. నా చేత్తో నేనే రాయాలి.

పోటు రాయిని మేము గంగమ్మ అంటాం. ఉగాదికి పసుపు పూసి, కుంకుమ పెట్టి, అంకెలకి మళ్ళీ రంగు వేస్తాం. వేసేది రాయి చదివే మనిషే, వేరేవాళ్ళ చెయ్యి తగలనివ్వం. అమ్మవారి పాదాల దగ్గర గునపం పెట్టకూడదు. అంకెల్లో సున్నా వేసేది ఆ పాదం దగ్గరే, అంటే రాయి మట్టిని తాకే చోట.

యుద్ధానికి ముందు కార్తీకంలో తుఫాను వచ్చింది. రాయి మీద రంగు మొత్తం చెరిగిపోయింది. ఉగాదికి నేను తలస్నానం చేసి, పాదం దగ్గర మొదలుపెట్టి, కొత్తగా అంకెలు వేశాను. ఎంత నీటుగా వేశానో అని వారం రోజులు చెప్పుకున్నాను. తుఫాను ఎనిమిది అంగుళాల ఒండ్రు తెచ్చి పాదాలు కప్పేసిందని, నా సున్నా ఆ ఒండ్రు పైన పడిందని నాకు తట్టలేదు. తవ్వి చూడాలన్న ఆలోచనే మాలో ఎవరికీ రాదు. ఆ తరువాత ఏటేటా ఆ అంకెల మీదే రంగు పడుతూ వచ్చింది.

పొద్దున నీరు వెనక్కి తీసే పాటు సమయంలో పోతురాజు బాబాయిని సాక్ష్యానికి పిలుచుకుని వెళ్ళాను. అమ్మా, నీ పాదాలు నువ్వే చూపించు అని దణ్ణం పెట్టి తవ్వాను. బాబాయి కళ్ళు మూసుకున్నాడు. జానెడు లోతు పోయేసరికి రాతిలో చెక్కిన పాత గీత తగిలింది. కొలిచాను. ఎనిమిది అంగుళాలు. మళ్ళీ కొలిచాను. నా కొలత తప్పు కావాలని కోరుకోవడం ఇదే మొదటిసారి. తప్పు కాలేదు.

యుద్ధం రోజు ధనకోటమ్మ లాకు మీంచి జెండా ఊపి ఎంత ఉందని అడిగింది. నాలుగడుగుల నాలుగంగుళాలని నేను జెండాతో జవాబిచ్చాను. ఆ రోజు పోటు గంటకి అడుగు చొప్పున ఎక్కుతోంది. ఏడుకి చేరడానికి రెండు గంటల నలభై నిమిషాలు ఉందని లెక్క. ఓడ లంగరు కోసి తిరిగి రావడానికి రెండు గంటల ఇరవై నిమిషాలు చాలు. అందుకే పంపింది. నిజానికి అప్పటికే అయిదడుగులు. ఉన్నది రెండు గంటలే. ఇరవై నిమిషాల తక్కువతో నా తమ్ముణ్ణి, ఇంకో ఎనిమిది మందిని నేనే పంపాను.

ఇవాళ ఇంతే.

ఎన్నికలకు పది రోజులు

ధనకోటమ్మ దగ్గరికి వెళ్ళాను. సుబ్బారాయుణ్ణి బయటికి పొమ్మన్నాను.

"పరిశీలకురాలిగా అడుగుతున్నా. రాయి తప్పని మీకెప్పుడు తెలిసింది?"

ఆవిడ సూది కింద పెట్టింది.

"ఉంగరం మునిగినప్పుడు. హారన్ రాలేదు. మీరు తప్పు చదవరు, అది తెలుసు. అంటే తప్పు రాయిలో ఉందని అర్థమైంది. పడవ అప్పుడే కనపడతా ఉంది నాంచారమ్మ గారూ. ఇరవై నిమిషాల దూరం. లోపల నలభై వేల మంది."

"విచారణలో ఎందుకు చెప్పలేదు?"

"మీరు మొదటి వరసలో కూర్చున్నారు. ఏడుకొండలు ఫోటో ఒళ్ళో పెట్టుకుని. ఆ ఇంటి మీద ఇంకో బరువు పెట్టడానికి నాకు నోరు రాలా. పంపింది నేను, మూయించింది నేను. ఆ మాట నా పేరు మీదే ఉంటే ఏం పోయింది అనుకున్నా."

ఇక్కడ నేను కరిగిపోయి కాళ్ళ మీద పడ్డానని ఎవరైనా అనుకుంటే నేనెవరో వాళ్ళకి తెలియనట్టే. నాకు కోపం వచ్చింది. అరికాలి మంట నెత్తికెక్కింది.

"నా మీద జాలిపడమని మిమ్మల్ని ఎవరడిగారు? పదేళ్ళు తప్పు రాయిని ఊరి చేత పూజ చేయించారు."

"అందుకే గదా ఆరూ నాలుగు పెట్టింది. ఊరికి ఏమీ కాలేదు."

"రేపు భావనారాయణ గెలిచి ఏడు పెడితే? రాయి మీద ఏడంటే ఉంగరం మీద ఏడూ ఎనిమిది. గేటు దిగదు. అప్పుడెవరు చెప్తారు?"

"గెలిస్తే కట్ట కొలతలన్నీ కొత్తగా తీయిద్దామనుకున్నా."

"ఓడితే?"

తల తిప్పుకుని వినే మనిషి, ఈసారి తల వంచుకుని వింది. చివరికి అంది.

"అది తప్పే అక్కా. మంచి చేస్తన్నా అనుకుని చేసిన తప్పు. రాయండి."

"రాస్తా. నాదీ రాస్తా."

"మీది అక్కర్లేదు. ఒండ్రు పట్టిందని చెప్తే చాలదా? రంగు ఎవరేశారని ఎవరూ అడగరు."

"నేను అడుగుతా," అన్నాను.

లేచి వస్తుంటే ఒకటి గమనించాను. పదేళ్ళుగా ఊరు ఆవిణ్ణి పిరికిది అంటుంటే ఒక్కసారి కూడా తను కాదని చెప్పుకోలేదు. నేనైతే పది నిమిషాలు ఆగేదాన్ని కాదు. అట్లాంటి మనిషి మా దళానికి కమాండర్ అయినందుకు నాకు గర్వంగా ఉంది. అట్లా నోరు మూసుకున్నందుకు ఇంకా కోపంగానే ఉంది. రెండూ ఒక్క కాగితం మీదే రాస్తాను.

ఎన్నికలకు ఎనిమిది రోజులు

సుబ్బారాయుడికి ఎట్లా తెలిసిందో, పొద్దున్నే గుమ్మంలో ప్రత్యక్షమయ్యాడు. వాసన పట్టడంలో పిల్లి కూడా ఆయన ముందు దిగదుడుపే.

"గేటు మూయటం కరెక్టే అన్న ముక్క చదవండమ్మా. దాచిపెట్టిందన్న ముక్క వదిలేయండి. మనం గెలుస్తాం."

"మనం ఎవరు నాయనా?" అన్నాను. బాతులు కూడా ఆయన మీద అరిచాయి, నేను ఉసిగొల్పలేదు.

ఎన్నికలకు ఆరు రోజులు

జనానికి చెప్పే ముందు రత్నానికి చెప్పాలి. నాలుగు రోజులు మింగలేక కక్కలేక తిరిగాను. ఆదివారం కదా, హేచరీ సెలవు, మధ్యాహ్నం ఇద్దరం వాకిట్లో కూర్చుని ఎండు రొయ్యలు బాగు చేస్తున్నాం.

చెప్పాను. తుఫాను, ఒండ్రు, రంగు, జెండా, ఇరవై నిమిషాలు. వరసగా, ఏదీ వదలకుండా. రత్నం చేతులు రొయ్యల్లోనే ఆగిపోయాయి.

"అంటే ఆవిడ కాదన్న మాట," అంది.

"కాదు."

"పదేళ్ళు ఆవిడ ఎదురొస్తే నేను పక్క సందులోకి పోయేదాన్ని వదినా."

"నేనే పొమ్మనేదాన్ని."

చేట పక్కన పెట్టి లోపలికి వెళ్ళింది. కాసేపటికి చీర మార్చుకుని బయటికి వచ్చింది. ఎక్కడికని అడిగే ముఖం నాకు లేదు. కట్ట వెంబడి నడుచుకుంటూ పోయింది. రొయ్యలు నేనొక్కదాన్నే బాగు చేశాను.

ఎన్నికలకు అయిదు రోజులు

రత్నం వచ్చింది. వంట చేస్తోంది, పనికి పోతోంది. నాతో మాట్లాడటం లేదు. "అన్నం పెట్టాను" అని గోడకి చెప్తుంది.

ఇంటి మనిషి ఒక్కతే మిగిలింది నాకు. చదవకపోతే ఆ మనిషి దక్కుతుందా అని ఒక పూట ఆలోచించాను. ఆలోచించానని కూడా రాస్తున్నాను, దాచడం నాకు చేతకాదు. చదవకపోతే గేటు దిగదు. అంతే.

ఎన్నికలకు మూడు రోజులు

ఇవాళ చదివాను.

కట్ట మీద కూర్చోవడానికి చోటు లేక పడవల్లో కూడా నిలబడ్డారు. ధనకోటమ్మ పద్ధతి ప్రకారం జనంలోనే నేల మీద కూర్చుంది. భావనారాయణ ముందు వరసలో, తెల్ల చొక్కాతో. రత్నం ఎక్కడుందో నేను చూడలేదు. చూస్తే చదవలేనని భయం.

మొదట పదకొండు ఓడలు. తరువాత మంచినీళ్ళ వాటా. తరువాత రెండో పడవ ఉంచని తప్పు. అక్కడ జనం గుసగుసలాడారు. గేటు దగ్గరికి వచ్చాను.

"ఆ రోజు నీరు నిజంగా ఏడడుగులు ఉంది. కమాండర్ గేటు మూయించిన సమయం సరైనది. ఒక్క నిమిషం ఆగినా గేటు దిగేది కాదు. పోటు రాయి మీద అంకెలు ఎనిమిది అంగుళాలు తప్పు. ఆ అంకెలు వేసింది లంకే నాంచారమ్మ, రాయి చదివే మనిషి. పడవ బయలుదేరే ముందు తప్పు లెక్క పంపింది కూడా ఆవిడే. నేనే."

గొంతు వణకలేదు. నా గొంతు మీద నాకు గౌరవం కలిగింది.

ఆ తరువాతది కూడా చదివాను. కమాండరుకి నిజం తెలుసు, పదేళ్ళు చెప్పలేదు, ఒక ఇంటిని కాపాడాలని ఊరిని ప్రమాదంలో ఉంచింది, అది నాయకత్వంలో లోపం అని. ధనకోటమ్మ తల ఎత్తే వింది. సుబ్బారాయుడు తల పట్టుకున్నాడు. పిరికి గుర్తు నిజానికి ఏడడుగుల గుర్తేనని, పోతురాజు సాక్ష్యంతో కొలిచిన కొలతలతో సహా చదివి ముగించాను.

భావనారాయణ లేచాడు.

"నాకు తెలియక మాటిచ్చాను. ఏడు పెడతానన్న మాట వెనక్కి తీసుకుంటన్నా. ఆ గుర్తు ఎవరూ కదపకూడదు, నేను గెలిచినా సరే," అని ధనకోటమ్మ వైపు తిరిగి దణ్ణం పెట్టాడు.

ఎవరు గెలుస్తారో నాకు తెలియదు. కొందరు ఆవిడకి దణ్ణం పెట్టారు, కొందరు ఎందుకు దాచావని ముఖం మీదే అడిగారు. రెండూ న్యాయమే. పరిశీలకురాలికి ఓటు ఉండదు, కనుక నాకు ఆ తలనొప్పి లేదు. కానీ ఇట్లా ఒక మనిషి మంచినీ చెడునీ ఒకే గొంతుతో వినే ఊరు ఇంకోటి ఉంటే నాకు చూపించండి.

చదవడం అయ్యాక చివరగా చనిపోయినవాళ్ళ పేర్లు పిలవాలి. పేరు పిలవగానే ఆ ఇంటివాళ్ళు ఒకరు లేచి "ఉన్నాం" అనాలి. అంటే విన్నాం, ఈ రికార్డు మాకు సమ్మతం, ఆ మనిషి ఇంట్లో మేమింకా ఉన్నాం అని. ఎవరూ లేవకపోతే ఆ ఇంటికి సమ్మతం లేదని రాసుకోవాలి. చదివే మనిషి తన ఇంటి తరఫున పలకడానికి లేదు.

ఎనిమిది పేర్లు పిలిచాను. ఎనిమిది ఇళ్ళూ పలికాయి. రెండిళ్ళవాళ్ళు నా వైపు చూడకుండా పలికారు. వాళ్ళని తప్పు పట్టను.

తొమ్మిదో పేరు మా వాడిది.

"లంకే ఏడుకొండలు."

ఎవరూ లేవలేదు. నేను కాగితం మీంచి కళ్ళెత్తలేదు. సమ్మతం లేదని రాయడానికి కలం తీశాను.

వెనక పడవల్లోంచి ఎవరో జనాన్ని తప్పించుకుంటూ వస్తున్నారు. రత్నం వచ్చి నా పక్కన, చదివేవాళ్ళు తప్ప ఎవరూ నిలబడని చోట నిలబడింది. నా చేతిలోంచి కలం తీసేసుకుంది.

"ఉన్నాం," అంది జనం వైపు తిరిగి. ఒక్కసారి అంటే చాలు. ఊపిరి తీసుకుని మళ్ళీ అంది.

"ఇద్దరం ఉన్నాం."